ట్రాలీ బండి మైలేజీ 31 నుంచి 23కి పడిపోయింది, కారణం దొరకడం లేదు

మొక్కలబండి
కడియపులంక నర్సరీల్లో మొక్కలు ఎత్తుకుని రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం దాకా ఊళ్లలో తిరిగి అమ్ముతాను. 125 సీసీ మోటారు సైకిలుకు వెనక ట్రాలీ కట్టించిన మూడు చక్రాల బండి. కట్టించి నాలుగేళ్లు అయింది. కార్తీక మాసం దాకా లీటరుకు 31 ఇచ్చింది. సంక్రాంతి తర్వాత 27, ఇప్పుడు 23. రోజుకు 130 కిలోమీటర్లు తిరుగుతాను కాబట్టి దాదాపు లీటరున్నర పెట్రోలు ఎక్కువ పోస్తున్నాను. ఆరేడు గులాబీ మొక్కల మీద మిగిలేది దానికే సరిపోతోంది.

ఇప్పటికే కార్బొరేటర్ కిట్టు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. 2,600 రూపాయలు అయ్యాయి. ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. ఇప్పుడు మెకానిక్ ఇంజను దింపాలంటున్నాడు, 9,000 అవుతుందట. పొగ రావడం లేదు, ఆయిలు తగ్గడం లేదు. దింపించాలా, ఆగాలా?

కొబ్బరిపీచు
వెతకడం అనవసరం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అందరి మైలేజీ పడింది, నా ఆటోది కూడా పడింది.

లెక్కలమాస్టారు
ఇథనాల్ వల్ల పడుతుంది, కాదనను. ఎంత పడుతుందో చూద్దాం. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులు. కాబట్టి 20 శాతం కలిపితే, ఏమీ కలపని పెట్రోలు కంటే ఆరేడు శాతం శక్తి తక్కువ. అంతకుముందు మనం పోసినదానిలో కూడా 10 శాతం ఉంది కనుక తేడా మూడు నాలుగు శాతమే. 31లో అది ఒక కిలోమీటరు. ఈయనకు పోయింది ఎనిమిది. మిగతా ఏడు ఎక్కడికి పోయాయి?

కొబ్బరిపీచు
లెక్క సరే మాస్టారూ. నా ఆటోకి రెండు కిలోమీటర్లు తగ్గింది, అది నా కళ్లతో చూసింది.

లెక్కలమాస్టారు
అయితే మీ ఆటోలో కూడా ఒక కిలోమీటరు ఇంకెక్కడో కారుతోంది.

గౌతమిగట్టు
ఇంజను ముట్టుకోవద్దు. పొగ లేదు, ఆయిలు తగ్గడం లేదు అంటున్నావు, లోడుతో ఎత్తు ఎక్కుతోందంటే ఇంజను బాగానే ఉంది. ముప్పై ఏళ్లు షెడ్డు నడిపాను. మన డెల్టాలో నేల చాపలా పరిచి ఉంటుంది. కొండలు లేవు, ఘాట్లు లేవు. అలాంటి చోట మూడు చక్రాల బండి పెట్రోలు తాగుతోందంటే పదిసార్లలో ఏడుసార్లు తప్పు చక్రాల దగ్గరే దొరికింది నాకు. కానీ అందరూ ముందు కార్బొరేటర్ విప్పుతారు, ఎందుకంటే అది విప్పడం సులువు.

నాలుగు సంగతులు చెప్పు. ఒకటి, వెనక ఇరుసుకు డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె ఉందా, రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి ఉన్నాయా? రెండు, ఈ మధ్య టైరు ఏదైనా మార్చావా? మూడు, గాలి ఎంత పెడుతున్నావు? నాలుగు, 20 కిలోమీటర్లు నడిపాక ఆగి వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల మీద చెయ్యి ఆనించి చూశావా? చూసేటప్పుడు జాగ్రత్త, ముందు రెండు నీటి చుక్కలు చల్లు. చుయ్యిమంటే చెయ్యి పెట్టకు.

వసిష్ఠ216
కొండలు లేకపోతేనేం, వంతెనలు ఉన్నాయి కదా. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన రోజూ రెండుసార్లు ఎక్కి దిగుతున్నారు. నేను చించినాడ వంతెన ఎక్కేటప్పుడు ఇంజను మూలుగు వింటుంటే పెట్రోలు పోతున్న సంగతి తెలిసిపోతుంది.

లెక్కలమాస్టారు
వంతెనను తప్పుపట్టకండి. బండి, మనిషి, మొక్కలు కలిపి 500 కిలోలు అనుకుందాం. వంతెన రోడ్డు కంటే 10 మీటర్లు ఎత్తు అనుకుందాం. ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికి 49,000 జౌళ్లు కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 3.2 కోట్ల జౌళ్లు ఉంటాయి. అందులో చక్రానికి చేరేది ఐదో వంతు అనుకున్నా 64 లక్షలు. భాగించి చూడండి, 8 మిల్లీలీటర్లు కూడా లేదు. మందు సీసా మూతెడు. దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది కూడా.

వసిష్ఠ216
మూతెడేనా? ఇన్నాళ్లూ వంతెనను అనవసరంగా తిట్టుకున్నాను. పోనీ, రాజోలు వైపు దారిలో గోతులు చూడండి. గోతి దగ్గర బ్రేకు వేయడం, మళ్లీ రెండో గేరులో లాగడం. వంతెన కాకపోయినా గోతులు తాగుతున్నాయి.

గౌతమిగట్టు
అది నిజం. బ్రేకు వేసిన ప్రతిసారీ అప్పటిదాకా పెట్రోలు పోసి సంపాదించిన వేగాన్ని డ్రమ్ములో వేడిగా పారబోస్తున్నాం. ముందుచూపుతో ఆక్సిలరేటర్ వదిలి బండిని దానంతట అది నెమ్మదించనిస్తే అదే మిగులు.

మొక్కలబండి
బాబాయి గారూ, మీరు అడిగినవి. ఇరుసు ఒకటే కడ్డీ, డిఫరెన్షియల్ లేదు. చైను దానికే. సంక్రాంతికి ముందు ఎడమ వెనక టైరు పగిలితే అదొక్కటే కొత్తది వేయించాను, కుడిది పాతదే. రెండూ 4.00-8 సైజే. గాలి మాత్రం కావాలనే తగ్గించాను. గోతుల్లో బండి ఎగిరి మట్టి తొట్లు పగిలిపోతున్నాయి. ఒకరోజు పన్నెండు తొట్లు పోయాయి. గాలి తగ్గిస్తే మెత్తగా వెళ్తోంది. డ్రమ్ములు రేపు చూస్తాను.

గౌతమిగట్టు
దొరికింది. ఒకటి కాదు, రెండు దొరికాయి.

ఒకే కడ్డీకి బిగించిన చక్రాలు రెండూ ఒక్క లెక్కన తిరిగి తీరాలి. ఎడమది కొత్తది, కుడిది అరిగినది. రబ్బరు నాలుగు మిల్లీమీటర్లు అరిగితే టైరు అడ్డకొలత ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గుతుంది. పెద్ద టైరు ఎక్కువ దూరం పోదామంటుంది, చిన్నది రానంటుంది. ఇద్దరూ ఒకే తాడుకు కట్టిన ఎద్దులు, ఒకటి పెద్దది, ఒకటి బక్కది. తిన్నని రోడ్డు మీద కూడా ఒక టైరు నేలను గీకుతూనే పోతుంది. డిఫరెన్షియల్ ఉన్న ఆటోకి ఈ బాధ లేదు, తేడా అది సర్దుకుంటుంది. నీ బండికి ఆ దారి లేదు. కుడి టైరు మీద చెయ్యి రాసి చూడు, రబ్బరు ఒక వైపుకు ఈకల్లా లేచి ఉంటుంది.

లెక్కలమాస్టారు
బాబాయి గారు చెప్పినదానికి అంకెలు కడతాను. 4.00-8 టైరు అడ్డకొలత సుమారు 40 సెంటీమీటర్లు. చుట్టుకొలత 125 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే కిలోమీటరుకు 800 చుట్లు. ఎనిమిది మిల్లీమీటర్ల తేడాకు ఒక్కో చుట్టులో 25 మిల్లీమీటర్లు. 800తో గుణిస్తే 20 మీటర్లు. ప్రతి కిలోమీటరులో 20 మీటర్లు టైరు దొర్లకుండా ఈడ్చుకుపోతోంది. రోజుకు 130 కిలోమీటర్లకు రెండున్నర కిలోమీటర్ల ఈడ్పు, బరువు మీద ఉండగా.

కొబ్బరిపీచు
ఇది నాకు తెలియదు. మా ఆటోకి డిఫరెన్షియల్ ఉంది కాబట్టి ఎప్పుడూ టైర్లు ఒకటొకటిగానే మార్చాను. తొట్ల సంగతి మాత్రం నేను చెప్తాను. గాలి నింపేయండి. ట్రాలీ అడుగున నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పీచు పరిచి, మీద గోనె వేసి తొట్లు పెట్టండి. మా అంబాజీపేటలో పీచుకు కొదవ లేదు. నేను గుడ్ల ట్రేలు అలాగే తీసుకెళ్తాను. మెత్తదనం టైరులో ఉండకూడదు, సరుకు కింద ఉండాలి.

మొక్కలబండి
ఇంత చిన్న మాట ఎవరూ చెప్పలేదు నాకు. ఆదివారం అంబాజీపేట వైపే వస్తున్నాను.

యానాంరేవు
మైలేజీ సంగతి ఎలా ఉన్నా, పెట్రోలు యానాంలో పోయించుకోండి. పుదుచ్చేరి పన్ను కాబట్టి లీటరుకు మన వైపు కంటే బాగా తక్కువ.

వసిష్ఠ216
అమలాపురం నుంచి యానాం దాకా వెళ్లి రావడానికే రెండు లీటర్లకు పైగా పోస్తే మిగిలేది ఏముంది? ఆ దారిలో కిరాయి ఉన్నవాళ్లకు సరిపోతుంది.

యానాంరేవు
అదే నా మాట. దారిలో ఉంటేనే. ఎదుర్లంక వంతెన దాటే పని ఉన్న రోజున.

రొయ్యలట్రాలీ
డ్రమ్ములు రేపు చూస్తానన్నారు, తప్పకుండా చూడండి. నేను భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యల పెట్టెలు తోలుతాను. ఐసు కరిగి ఉప్పునీళ్లు పెట్టెల్లోంచి కారి నేరుగా వెనక డ్రమ్ముల మీద పడేవి. బ్రేకు వేస్తే పడుతుంది, వదిలితే వదలదు. లోపల స్ప్రింగు తుప్పుపట్టి, బ్రేకు షూలను విడదీసి డ్రమ్ముకు ఆనించే కామ్ బిగుసుకుపోయింది. బండిని నెడితే తెలుస్తుంది. ఇదివరకు ఒక చేత్తో నెట్టేవాణ్ణి, ఆ రోజు ఇద్దరం నెట్టాం. విప్పి గరుకు కాగితంతో రుద్ది, కామ్‌కు కొంచెం గ్రీజు పెట్టి, స్ప్రింగులు మార్చాక లీటరుకు నాలుగు కిలోమీటర్లు తిరిగి వచ్చాయి. ఖర్చు 180 రూపాయలు. ఇప్పుడు పెట్టెల కింద రేకు తొట్టె పెట్టి, నీళ్లు వెనక్కి పోయేలా గొట్టం తీశాను. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లకు ఉప్పుగాలి చాలు, రొయ్యలే అక్కర్లేదు.

నందివర్ధనం
మాదీ కడియం వైపే, నర్సరీలో లోడింగు దగ్గర ఉంటాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. నీళ్లు ఎప్పుడు పడుతున్నారు? చాలామంది బండి కదిలే ముందు తొట్లు నీళ్లు కారేదాకా తడుపుతారు. మా దగ్గర ఒకసారి తూకం వేశాను. నల్లమట్టి నింపిన మధ్యరకం తొట్టి, ముందు రోజు తడిపినది 8 కిలోలు, అప్పుడే తడిపినది దాదాపు 10. అలాంటివి 40 తొట్లు అంటే 80 కిలోల నీళ్లు మోసుకుపోతున్నారు. ఒక మనిషిని ఎక్కించుకున్నట్టు. ముందు రోజు సాయంత్రం తడిపి, పొద్దున ఆకుల మీద మాత్రం చిలకరించి, అమ్మే ఊళ్లో నీళ్లు పట్టండి. మొక్కకు ఏమీ కాదు. మట్టి గడ్డ మాత్రం పొడిబారి విడిపోకూడదు, అది చూసుకోవాలి.

ఇంకొకటి, అశోక మొక్కలు, పామ్ మొక్కలు నిలబెట్టి తీసుకెళ్తున్నారా?

మొక్కలబండి
నిలబెట్టే. పడుకోబెడితే కొమ్మలు విరుగుతాయని భయం. నీళ్లు కూడా మీరన్నట్టే, బయలుదేరే ముందే పడుతున్నాను.

నందివర్ధనం
పూర్తిగా పడుకోబెట్టవద్దు. పొడుగువి ట్రాలీ వెనక భాగంలో, తల వెనక్కి వాలేలా కట్టండి. ముందు వరసలో పొట్టివి. ఆకులు విరగకుండా చేపల వల పాత ముక్క కప్పితే గాలికి కొట్టుకోవు. ఎదురుగాలికి ఆకులు చిరిగిన మొక్కను ఎవరూ కొనరు, అదొక నష్టం.

లెక్కలమాస్టారు
గాలి మాట వచ్చింది కాబట్టి చెప్తాను, మన డెల్టాలో కొండ చేసే పని గాలి చేస్తుంది. వేసవిలో మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి లోపలికి వీస్తుంది. కడియం నుంచి అమలాపురం వెళ్లేవాళ్లకు అది ముఖానికి కొడుతుంది. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీరు 40లో వెళ్తూ ఎదురుగాలి 15 ఉంటే, బండికి తగిలేది 55. ఆ అడ్డు దాదాపు రెట్టింపు. నిలబెట్టిన అశోక మొక్కలు ఇరవై ఉంటే అది తెరచాప. తెల్లవారుజామున వెళ్లి, మధ్యాహ్నం ఖాళీ బండితో తిరిగి వస్తే అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

సీఎన్జీఆటో_కాకినాడ
ఇంత తంటా ఎందుకు, గ్యాసు ఆటో తీసుకోండి. నాది కిలోకు 40 ఇస్తోంది.

లెక్కలమాస్టారు
కిలోకు 40ని, లీటరుకు 31ని పక్కపక్కన పెట్టకూడదు. కిలో సీఎన్జీలో శక్తి లీటరు పెట్రోలుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మీ 40 పెట్రోలు లెక్కలో 26, 27తో సమానం. డబ్బు లెక్క వేరు. కిలోమీటరుకు ఎంత రూపాయలు పడిందో రాసుకుంటే ఏ బండినైనా పోల్చవచ్చు.

సీఎన్జీఆటో_కాకినాడ
రూపాయల్లో చూసినా నాకు లాభమే. కానీ బంకు దగ్గర వరస పెద్దదైన రోజు కిరాయి పోతుంది, అదీ చెప్పాలి.

రూల్సుపుస్తకం
మైలేజీ కంటే ముఖ్యమైనది ఒకటి. మోటారు సైకిలును కోసి ట్రాలీ కట్టడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. ఆర్‌సీలో ఉన్న బండి ఒకటి, రోడ్డు మీద ఉన్నది మరొకటి. ప్రమాదం జరిగితే బీమా చేతులెత్తేసే అవకాశం ఉంది. దయచేసి ఆలోచించండి.

మొక్కలబండి
మీరు చెప్పింది నిజం, కొట్టిపారేయను. నాలుగేళ్ల క్రితం లగేజీ ఆటోకి ముందు కట్టాల్సిన డబ్బు నా దగ్గర లేదు. అప్పుడు చేతిలో ఉన్నది ఈ బండే. వచ్చే ఏడాది లోను పెట్టి ఆటో తీసుకోవాలనే కూడబెడుతున్నాను. అందుకే రోజుకు లీటరున్నర అంటే నాకు అంత బాధ.

రూల్సుపుస్తకం
అర్థమైంది. అందాకా రాత్రిపూట వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు తప్పక పెట్టండి.

మూడుచక్రాలటీచరు
నాది వేరే రకం, పేరుకే మూడు చక్రాల బండి. చిన్నప్పుడు పోలియో వచ్చింది, స్కూటరుకు వెనక రెండు పక్కలా చక్రాలు బిగించుకుని రోజూ బడికి వెళ్తాను. వికలాంగుల కోసం మార్పించి ఆర్‌సీలో రాయించుకున్న బండి కాబట్టి చట్టం ఇబ్బంది లేదు. అదే స్కూటరు మా తమ్ముడికి లీటరుకు 47, నాకు 34. పక్క చక్రాలున్నాక ఇంతే అన్నారు అందరూ. గౌతమిగట్టు బాబాయి గారూ, నిజంగా ఇంతేనా? నెలకు ఒకసారి బంకుకు వెళ్లడం నాకు మామూలు పని కాదు, అక్కడ దిగడం ఎక్కడం చాలా కష్టం. రెండు వారాలకు ఒకసారి వెళ్లాల్సి వస్తోంది.

గౌతమిగట్టు
కొంత తప్పదమ్మా. బరువు పెరిగింది, దొర్లే చక్రాలు పెరిగాయి. కానీ 13 కిలోమీటర్లు పోవడం ఎక్కువే. ముందు పక్క చక్రాల ఎత్తు చూడాలి. అవి కిందికి దిగి ఉంటే బరువంతా వాటి మీదే పడి, మధ్యలో లాగే చక్రం నేల మీద సరిగ్గా ఆనదు, జారుతుంది. వాన పడ్డాక బయలుదేరేటప్పుడు వెనక చక్రం ఉత్తినే తిరుగుతున్నట్టు అనిపిస్తే అదే గుర్తు. రెండోది, రెండు పక్క చక్రాలూ తిన్నగా ముందుకు చూస్తున్నాయా? ఒక పొడుగు తాడు ముందు చక్రం పక్క నుంచి వెనక్కి లాగి పట్టించి, పక్క చక్రం అంచుకు ముందు, వెనక ఎంత సందు ఉందో స్కేలుతో కొలిపించు. రెండు సందులూ ఒక్కటిగా ఉండాలి. మూడోది, ఇంజను నుంచి చక్రాన్ని తిప్పే లోపలి బెల్టు. బరువు లాగే బండికి అది ముందే అరుగుతుంది.

మూడుచక్రాలటీచరు
వానలో తిరుగుతున్నట్టు అనిపించడం నిజమే. బురద వల్ల అనుకున్నాను. శనివారం తమ్ముడితో కొలిపిస్తాను.

మొక్కలబండి
డ్రమ్ములు చూశాను. జొన్నాడ దాటాక టీ కొట్టు దగ్గర ఆపి నీళ్లు చల్లాను. కుడి డ్రమ్ము మీద నీటి చుక్కలు అలాగే నిలిచాయి. ఎడమ డ్రమ్ము మీద పడీ పడగానే చుయ్యిమని ఆవిరైపోయాయి. సాయంత్రం విప్పించాను. స్ప్రింగు కొక్కెం సగం అరిగి పోయి, షూ ఒక పక్కే నున్నగా అద్దంలా మెరుస్తోంది. కొత్త టైరు వేసిన రోజున బ్రేకు కడ్డీ నట్టు బాగా బిగించేశాడు, అప్పటి నుంచి రాసుకుంటూనే ఉంది. సంక్రాంతి నుంచి మైలేజీ ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది. కుడి టైరు మీద చెయ్యి రాస్తే మీరన్న ఈకలు కూడా ఉన్నాయి బాబాయి గారూ.

రొయ్యలట్రాలీ
నేను చెప్పలేదూ!

గౌతమిగట్టు
కుడిది కూడా కొత్తది వేయించు, అదే కంపెనీ, అదే రకం. డబ్బు చాలకపోతే కనీసం ఎడమదానితో సమానంగా ఉన్న పాత టైరు వెతుకు. గాలి రెండింటికీ ఒకే కొలత, లోడుకు కంపెనీ చెప్పినంత. పొద్దున టైరు చల్లగా ఉండగా పెట్టించు. ఇక కొలిచేటప్పుడు ఒకే బంకులో, బండి ఒకే చోట నిలబెట్టి, పైపు మొదటిసారి టక్కుమనగానే ఆపించు. ఒక్క ట్యాంకు చూసి ఆనందపడవద్దు, మూడు ట్యాంకులు చూడు.

మొక్కలబండి
మూడు ట్యాంకులు అయ్యాయి, అందుకే ఇన్ని రోజులు రాయలేదు. బ్రేకు సరిచేసిన మొదటి ట్యాంకుకు 26. కుడి టైరు, గాలి సరిచేశాక 28.5. కొబ్బరిపీచు గారు పీచు ఊరికే ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. గాలి నిండుగా ఉన్నా ఒక్క తొట్టి పగలలేదు. మూడో ట్యాంకుకు నీళ్లు ముందు రోజు పట్టి, పొడుగు మొక్కలు వెనక్కి వాల్చి, తెల్లవారి నాలుగున్నరకు బయలుదేరాను. 29.8 వచ్చింది. టైరుతో కలిపి అయిన ఖర్చు ఇంజను దింపడానికి అడిగినదానిలో నాలుగో వంతు కూడా లేదు.

లెక్కలమాస్టారు
31కి 1.2 తక్కువ. ఒక కిలోమీటరు ఇథనాల్‌ది అని మొదట్లో చెప్పాను. కొబ్బరిపీచు గారి మాట కూడా నిలబడింది.

కొబ్బరిపీచు
నా ఆటో డ్రమ్ముల మీద కూడా నీళ్లు చల్లి చూశాను. ముందు చక్రానిది వేడిగా ఉంది. రేపు విప్పిస్తాను.

మూడుచక్రాలటీచరు
తాడుతో కొలిచాం. కుడి పక్క చక్రానికి ముందు సందు కంటే వెనక సందు 14 మిల్లీమీటర్లు ఎక్కువ. తమ్ముడు ఆశ్చర్యపోయాడు. సరిచేసి, రెండు పక్క చక్రాలనూ కొద్దిగా పైకి లేపించాం. ఇంకా ట్యాంకు పూర్తి కాలేదు కాబట్టి అంకె చెప్పను. నిన్న వానలో బడి గేటు దగ్గర మొదటిసారి బండి జారకుండా కదిలింది.

గౌతమిగట్టు
పైకి లేపాక మలుపుల్లో కొంచెం ఊగుతుందమ్మా, వారం రోజులు నెమ్మదిగా తిప్పు. ఊగు ఎక్కువైతే ఒక్క మర కిందికి దింపించు, అంతకు మించి వద్దు. ట్యాంకు అయ్యాక ఇక్కడే రాయి.